మాకు తెలుగే లాటిన్ అయింది

మేం ఏజెన్సీ గూడేల్లోని కతోలిక ఆదివాసులం. మా విచారణల్లో వారం ఎలా గడుస్తుందో, అందులో మా మాటకు ఎంత చోటుందో అడగడానికే ఈ వ్యాసం. విచారణ అంటే ఒక గురువు చూసుకునే ఊళ్ల సమూహం. ఒక పెద్ద గుడి, దాని కింద కొన్ని గూడేలు. ఆ గుడిని ఊడ్చేది మేము. పండుగకు పందిరి వేసేది మేము. కానుక పళ్లెంలో ధాన్యం, చిక్కుళ్లు, చిల్లర వేసేది మేము. కానీ ఆ గుడిలో వారమంతా వినబడేది మా భాష కాదు.

వారాన్ని ఒకసారి వరసగా చూద్దాం. పనిరోజుల్లో సాయంత్రం పోడు నుంచి దిగి వచ్చాక గూడెంలో జపమాల. ఉపదేశి ముందు పలుకుతాడు, మిగతావాళ్లం వెనక పలుకుతాం. పరలోక జపం, మంగళవార్త జపం ముసలివాళ్లకు కూడా నోటికి వచ్చు. అర్థం అడిగితే మాత్రం చాలామంది నవ్వి ఊరుకుంటారు. తపస్సుకాలంలో శుక్రవారం సిలువ మార్గం. శనివారం పిల్లలకు సత్యోపదేశం, పాటల అభ్యాసం. ఆదివారం పూజ, పూజ తర్వాత ప్రకటనలు, మరియదళం సమావేశం, యువత సమావేశం. గుడి బయట చెట్టు కింద మేం కోయలోనో కువిలోనో సవరలోనో గలగలా మాట్లాడుకుంటాం. గంట మోగి లోపలికి అడుగుపెడితే సగం మంది నోరు మూతపడుతుంది.

అన్నిటికంటే బాధ కలిగించేది పాపసంకీర్తనం. మనిషి తన లోపలి బరువును దేవుని ముందు దించుకునే చోటు అది. మా అవ్వ దుఃఖించేది కోయలో. కోపగించేది కోయలో. పశ్చాత్తాపపడేది మాత్రం అరువు తెచ్చుకున్న నాలుగు తెలుగు ముక్కల్లో. కంఠస్థం చేసిన ఆ ముక్కల్లో ఆమె జీవితం ఎంత పట్టింది? గురువుకు భాష తెలియని చోట దుబాసీ ద్వారా చెప్పుకోవచ్చని తిరుసభ చట్టం 990వ సూత్రం ఒప్పుకుంటుంది. కానీ మనసులో మాటను మూడో మనిషి చెవిన వేసి దేవునికి పంపడం ఎవరికి ఇష్టం? గురువే ఆమె భాష నేర్చుకుంటే దుబాసీ అవసరమే ఉండదు కదా.

ఇది మేం కొత్తగా పుట్టించిన కోరిక కాదు. 1960ల దాకా తెలుగు కతోలికులు కూడా లాటిన్ పూజే విన్నారు. గురువు పీఠం వైపు తిరిగి ఏదో పలుకుతుంటే జనం జపమాల తిప్పుకుంటూ కూర్చునేవారు. 1963 డిసెంబర్ 4న రెండవ వాటికన్ మహాసభ ఆరాధన మీద పత్రం వెలువరించింది. జనం అర్థం చేసుకుని పాల్గొనాలని, మాతృభాషకు ఎక్కువ చోటు ఇవ్వవచ్చని అందులో ఉంది. ఆ తలుపు గుండానే తెలుగు గుడిలోకి వచ్చింది. తెలుగువాళ్లకు అది న్యాయమే. అదే న్యాయం మాకు కొండ కిందే ఎందుకు ఆగిపోయింది? లాటిన్ వెళ్లిన చోట మాకు తెలుగు వచ్చి కూర్చుంది. అదీ మేత్రాసనం, సత్ప్రసాదం, సంకీర్తనం అనే పుస్తకాల తెలుగు. మైదానంలో చదువుకున్నవాళ్లే కొన్నిచోట్ల తడబడే తెలుగు.

మాకు వచ్చే జవాబులు మాకు తెలుసు. మొదటిది: "మీ భాషకు లిపి లేదు." వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారే సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు, నిఘంటువు తయారు చేశారు. ఇది నూరేళ్ల నాటి సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004లో మొదలుపెట్టిన బహుభాషా విద్యలో కోయ, కువి, సవర, గోండి, కొలామి వంటి 8 భాషల్లో, తెలుగు లిపిలోనే చిన్న తరగతుల పుస్తకాలు వచ్చాయి. వాటిని చదివి చెప్పిన ఉపాధ్యాయులు ఈ పుస్తకం చదివేవాళ్లలోనూ ఉంటారు. బడికి సరిపోయిన లిపి గుడికి సరిపోదా?

రెండోది: "విచారణలో నాలుగు తెగలున్నాయి, ఎవరి భాషలో చేయాలి?" బగత, వాల్మీకి, కొండరెడ్డి తెగల్లో చాలామందికి ఇంట్లోనూ తెలుగే. వాళ్లకు తెలుగు ఉండనివ్వండి. కానీ గూడెం గుడిలో ఉండేది ఎక్కువగా ఒకే తెగ. అక్కడ ఏ అడ్డూ లేదు.

మూడోది: "తెలుగు, ఇంగ్లీషు రాకపోతే పిల్లలకు ఉద్యోగాలు రావు." నిజమే. వాటిని నేర్పడానికి వారంలో ఆరు రోజులు బడి ఉంది. మేం అడిగేది ఏడో రోజున ఒక గంట.

నాలుగోది మా సొంత పెద్దల నుంచే వస్తుంది: "డోలు, రేల పాట పాత కొలుపులవి. గుడిలోకి తేకూడదు." ఈ భయాన్ని మాలో నాటింది బయటివాళ్లే. అదే మహాసభ పత్రం 119వ అంశంలో, మిషన్ ప్రాంతాల ప్రజల సొంత సంగీతాన్ని గౌరవించాలని, దానికి ఆరాధనలో తగిన చోటు ఇవ్వాలని చెప్పింది. కీబోర్డు మా కొండల్లో పుట్టిందా? దాన్ని లోపలికి రానిచ్చి డోలును గుమ్మం దగ్గర ఆపడం ఏ విశ్వాసం?

ఛోటానాగ్‌పూర్ వైపు చూడండి. 1885లో అక్కడికి వచ్చిన బెల్జియం గురువు కాన్‌స్టంట్ లీవెన్స్ ముండాల, ఉరావ్‌ల భూమి కేసుల్లో వాళ్ల పక్కన నిలబడ్డాడు. ఆయన తర్వాత జాన్ హాఫ్‌మన్ ముండారీ వ్యాకరణం రాశాడు, ముండాల భాషకూ జీవితానికీ పెద్ద విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టాడు. ఆదివాసీ భూమిని కాపాడే 1908 నాటి కౌలు చట్టం వెనక కూడా ఆయన శ్రమ ఉంది. భాష నేర్చుకున్నవాడికే భూమి గోడు వినబడింది. ఆ నేల నుంచే ఉరావ్ బిడ్డ తెలెస్ఫోర్ టొప్పో 2003లో కార్డినల్ అయ్యారు. అక్కడా లోపాలు ఉన్నాయి. అయినా భాషను పక్కన పెట్టి ఆ దారి పడలేదు.

ఈ విషయం ఇప్పుడు ఇంకో కారణంగా కూడా అత్యవసరం. మతం మారినవాళ్లను ఎస్టీ జాబితా నుంచి తీసేయాలని కొందరు ఊరేగింపులు చేస్తున్నారు. 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. మా తెగ మా పుట్టుకతో, మా భాషతో, మా కట్టుబాట్లతో వచ్చింది. కానీ మా గుడిలో మా భాషే వినబడకపోతే, "వీళ్లు ఇక ఆదివాసులు కారు" అనేవాళ్ల చేతికి కర్ర మనమే ఇచ్చినట్టు కాదా?

అందుకే మా కోరికలు సూటిగా చెబుతున్నాం. ఏజెన్సీకి వచ్చే ప్రతి గురువు, ప్రతి సిస్టరు మొదటి ఏడాది మా భాష నేర్చుకోవాలి. పూజ పాఠాల అనువాదానికి పీఠాధిపతుల అనుమతులు కావాలి, ఆ పని ఇప్పుడే మొదలుపెట్టాలి. అంతవరకూ ప్రసంగం, పాటలు, విశ్వాసుల ప్రార్థనలు, పిల్లల సత్యోపదేశం మా భాషలో జరగాలి. ఉపదేశులకు ఆ శిక్షణ ఇవ్వాలి, బతకడానికి సరిపోయే జీతం ఇవ్వాలి. ప్రతి విచారణకూ ఆర్థిక సలహా మండలి ఉండాలని తిరుసభ చట్టం 537వ సూత్రం అంటుంది. అందులో మా ఆడవాళ్లు కూర్చోవాలి. లెక్కలు మాకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి.

యువతకు, ఉపాధ్యాయులకు ఒక మాట. అనుమతి కోసం చేతులు కట్టుకుని కూర్చోవద్దు. ఈ శనివారమే ఆదివారం సువార్తను ముందు వేసుకుని, గూడెం పెద్దవాళ్లను కూర్చోబెట్టి, మన భాషలోకి మార్చండి. ఏ మాట దగ్గర ఆగారో రాసి పెట్టండి. అవ్వలను అడగండి. ఆదివారం పూజకు ముందు ఉపదేశి చేత దాన్ని చదివించండి. విన్న ముసలివాళ్లు ఏమంటారో గురువుగారికి కూడా వినబడనివ్వండి.