గ్లవ్స్ లేని పాఠం

వరి గింజలో ప్రోటీన్ వెతికినా, రక్తంలో వెతికినా మాస్ స్పెక్ట్రోమీటర్ అడక్కుండానే పట్టిచ్చేది కెరాటిన్‌ని: శాంపిల్ చేసినవాళ్ల చర్మం పొట్టు, వెంట్రుక, చలికాలమైతే స్వెటర్ ఉన్ని. ప్రోటీన్లను పరిశోధించే ప్రోటియోమిక్స్ వాళ్లు దీన్ని పీడగా చూస్తారు. పాఠం దీంతోనే మొదలుపెట్టాలంటాను నేను. మా నిడదవోలులో బీఎస్సీ చదివి హైదరాబాద్ వెళ్లే పిల్లకి తార్నాక, హబ్సిగూడ దారిలోనే ఐఐసీటీ, సీసీఎంబీ పరిశోధన సంస్థలు కనిపిస్తాయి. కానీ చాలా కాలేజీల్లో మాస్ స్పెక్ట్రోమీటర్ ఉన్నా విద్యార్థికి దక్కేది అద్దం బయట నిలబడి చూడ్డమే. కారణం లేకపోలేదు. కోట్ల ఖరీదు, రాత్రింబవళ్లు తిరిగే వాక్యూమ్ పంపులు; కరెంటు పోయి వాక్యూమ్ పడిపోతే మళ్లీ దారికి రావడానికి గంటలు పడుతుంది. కొనడానికి గ్రాంటు వస్తుంది, ఏటా మెయింటెనెన్స్ కాంట్రాక్టు (ఏఎంసీ) కట్టడానికే దిక్కుండదు. దాంతో ఇన్‌చార్జి దాన్ని పెళ్లి నగలా దాస్తాడు. నేనైతే తొలి వారమే కోడిగుడ్డు తెల్లసొనతో రెండు శాంపిళ్లు చేయిస్తాను, ఒకటి గ్లవ్స్ వేసుకుని, ఒకటి ఒట్టి చేతుల్తో. ట్రిప్సిన్ ఎంజైమ్‌తో ప్రోటీన్లను ముక్కలు చేసి రెండూ మిషన్‌కి ఎక్కిస్తే, రెండోదాంట్లో తన వేళ్లే తెరమీద గీతలై లేస్తాయి. ఆ పిల్ల ఇక జన్మలో గ్లవ్స్ మరిచిపోదు, ఏ ఫలితాన్నీ గుడ్డిగా నమ్మదు. ఇదే మిషన్‌లో ప్రోటీన్లను కొలిచే దారి చూపినందుకు 2002లో కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్న కొయిచి తనకా పీహెచ్‌డీ లేని కంపెనీ ఇంజనీరు. లోహపు పొడిలో పొరపాటున గ్లిజరిన్ కలిపేసి, పారేయడానికి మనసొప్పక అదే పరీక్షించాడు; ఆ దారి అలా దొరికిందే. మన దగ్గరైతే ముందు మెమో వచ్చేది.