టాపెట్ చప్పుడుకు మందు బిగింపు కాదు
కాకినాడ-ఉప్పాడ బీచ్ రోడ్డు మీద అలల హోరులోనూ వినపడేలా టాపెట్లు టకటకలాడిస్తూ పోయే కార్లున్నాయి. పవర్ కోసం క్యామ్‌షాఫ్ట్ మార్చి, గట్టి స్ప్రింగులు వేయించుకున్న కుర్రాళ్లు, ఆ చప్పుడు పోవాలని రాకర్‌కూ వాల్వు కాడకూ మధ్య ఉండే గ్యాప్ బిగించేయమంటారు. దయచేసి ఆ పని చేయించకండి. వేడికి వాల్వు కాడ సాగుతుంది. ఆ వెంట్రుకవాసి సందు అందుకే. అది లేకపోతే వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు, తన వేడిని సీటుకు దించుకోలేదు. ముందు కాలిపోయేది ఎగ్జాస్ట్ వాల్వే. చిక్కటి ఆయిల్ పోసి చప్పుడు నొక్కేయడమూ తప్పే, స్టార్ట్ చేయగానే అది ఇంజన్ పైదాకా ఎక్కడానికి ఆలస్యమవుతుంది. ఫీలర్ గేజ్ పెట్టి, క్యామ్ తయారీదారు చెప్పిన కొలతకే సెట్ చేయించండి; ఇంజన్ వేడిగా ఉండాలా, చల్లారాలా అన్నదీ వాళ్లు చెప్పినట్టే. రాకర్ కొన గుంటపడి ఉంటే గేజ్ కొలత తప్పుతుంది, దాన్ని మార్చాల్సిందే. ఇవన్నీ సరిచేశాక మిగిలే కాస్త టిక్‌టిక్‌ను నేనైతే ఉండనిస్తాను.