ఇప్పనూనె రాసుకుందాం, కానీ తెల్లబడటానికి కాదు

కొంచెం పెద్ద పోస్టే, ఓపికగా చదవండి. ఇది ఆడపిల్లల విషయం అనుకుని తమ్ముళ్ళు దాటేయకండి. మీ రూముల్లో అద్దం వెనక ఏ ట్యూబులు ఉంటాయో మాకు తెలుసు.

మా హాస్టల్లో జూనియర్ చెల్లెళ్ళు తరచూ ఒక మాట అడుగుతుంటారు. "అక్కా, క్రీములు మంచివి కాదంటున్నారు కదా, నేచురల్‌గా ఏం రాసుకుంటే తెల్లగా అవుతాం?" క్రీములు మానేద్దాం అనుకోవడం మంచిదే. కానీ ఆ చివరి ముక్క ఉంది చూడండి, "తెల్లగా అవుతాం" అని, దాని గురించే ఈ పోస్టు. ట్యూబు బదులు పసుపు, క్రీము బదులు నిమ్మకాయ పెట్టుకుని కోరిక మాత్రం అదే ఉంచుకుంటే మనం మారినట్టు కాదని నా అభిప్రాయం.

ముందు నా సంగతి చెప్తా. సిగ్గుపడాల్సింది నేను కాదని ఇప్పుడు తెలుసు కాబట్టి చెప్పగలుగుతున్నా.

మాది చింతూరు వైపు. మా ఇంట్లో కాలేజీ గేటు దాటింది నేనే మొదలు. ఫస్టియర్‌లో ఫ్రెషర్స్ డే రోజు గ్రూపు ఫోటో దిగితే, ఒకమ్మాయి ఫోన్లో చూస్తూ "నువ్వు ఇందులో కనపడట్లేదే, పళ్ళు మాత్రమే కనపడుతున్నాయి" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వారం తిరక్కముందే రూమ్మేట్ చెప్పిన ట్యూబు మెడికల్ షాపులో కొన్నా. చీటీ అడగలేదు, ఎందుకని అడగలేదు, ఇచ్చేశారు.

నిజం చెప్పాలంటే మొదట్లో బాగా పనిచేసింది. రెండు వారాల్లో మొహం తేటపడింది. అందరూ "ఏం వాడుతున్నావే" అని అడిగారు. మూడో నెలకు బుగ్గలు ఎర్రబడ్డాయి. ఎండలోకి వెళ్తే కారం పూసినట్టు మంట. చిన్న చిన్న మొటిమలు, బుగ్గల మీద సన్నటి వెంట్రుకలు. మానేస్తే రెండో రోజుకే మొహం ఉబ్బి ఇంకా మండేది. మళ్ళీ రాస్తే తగ్గేది. సారా అలవాటైనోళ్ళు ఎలా ఉంటారో నా మొహం అలా అయింది.

చివరికి ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్ళా. మేడం ట్యూబు చూసి, "ఇది ఎవరు రాసిచ్చారమ్మా?" అంది.

"ఎవరూ రాయలేదు మేడం, ఫ్రెండ్ చెప్పింది."

"ఇది క్రీము కాదు, మందు. స్టెరాయిడ్" అంది.

అప్పటిదాకా నాకు ఆ తేడా తెలీదు. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నా. ట్యూబు మీద సన్నటి అక్షరాల్లో బీటామెథాసోన్, క్లోబెటసాల్, మోమెటాసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. కొన్నింటిలో మోమెటాసోన్‌తో పాటు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కూడా కలుపుతారు. ఇవి జబ్బులకు డాక్టర్లు లెక్క ప్రకారం కొన్నాళ్ళకు రాసే మందులు. రోజూ మొహానికి పూస్తే చర్మం పలచబడి, లోపలి సన్నటి రక్తనాళాలు పైకి కనపడతాయి. ఇలాంటి స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన బిగించింది. ట్యూబు మీద ఎర్రగీత, ఆర్‌ఎక్స్ గుర్తు చూడండి. అవి ఉంటే మన చేత్తో మనం పూసుకునేది కాదని అర్థం. ఇప్పటికే నెలల తరబడి వాడుతున్నవాళ్ళు ఈ పోస్టు చదివి ఇవాళే విసిరేయకండి. ఒక్కసారిగా ఆపితే నాకులాగే మొహం ఎదురుతిరుగుతుంది. డాక్టర్ని కలిసి, వాళ్ళు చెప్పిన పద్ధతిలో మానండి.

ఇంకో రకం ఉంది. సంతల్లో, ఫ్యాన్సీ షాపుల్లో దొరికే డబ్బాలు. తయారుచేసినోడి అడ్రసు ఉండదు, అందులో ఏం కలిపారో ఉండదు. తెల్లబరిచే ఇలాంటి క్రీముల్లో పాదరసం దొరికిన సందర్భాలు చాలా దేశాల్లో ఉన్నాయి. పాదరసం చర్మం నుంచి లోపలికి దిగి కిడ్నీలను దెబ్బతీస్తుంది. అడ్రసు లేని డబ్బా ఎంత చవకైనా ముట్టుకోవద్దు.

అయితే చీటీ అక్కర్లేని పెద్ద కంపెనీల క్రీములు మంచివా అంటే, ఆరోగ్యం సంగతి పక్కన పెట్టి పేరు చూడండి. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో మన దేశంలోకి వచ్చింది. మా అమ్మ కూడా పుట్టకముందు. 2020లో పేరు గ్లో అండ్ లవ్లీ అని మారింది. "ఫెయిర్" అన్న మాట తప్పని ఒప్పుకోవడానికి 45 ఏళ్ళు పట్టింది. ఈలోపు ఎంతమంది నల్లపిల్లలు అద్దం ముందు ఏడ్చి ఉంటారో ఎవరు లెక్కపెట్టారు?

ఇప్పుడు నేచురల్ సంగతి. మన గూడేల్లో పుట్టినోళ్ళకు ఒక విషయం ఎవరూ చెప్పక్కర్లేదు. దూలగొండి కూడా నేచురలే, రాసుకుంటారా? నల్లజీడి కూడా నేచురలే, దాని రసం తగిలితే బొబ్బలెక్కుతుంది. అడవిలో ఉన్నదంతా అమృతం అని టౌన్ వాళ్ళు అనుకుంటే అనుకోనీ. మన పెద్దోళ్ళు ఏ ఆకు దేనికి, ఎంత, ఎవరికి పడదు అని చూసి వాడేవాళ్ళు. ఫోన్లో చూసి మొహానికి నిమ్మరసం రుద్దుకునే వాళ్ళకు చెప్తున్నా: అది పుల్లటి ఆమ్లం, రాసుకుని ఎండలోకి వెళ్తే మచ్చలు పడతాయి. వంటసోడా, టూత్‌పేస్టు కూడా మొహానికి వద్దు. సంతలో దొరికే మరీ మెరిసే పసుపులో రంగు కలుపుతారు. ఇంట్లో కొమ్ములు దంచిన పసుపు ఉంటే వాడుకోండి, కానీ అది తెల్లగా చేస్తుందని కాదు. పసుపు మనల్ని కాసేపు పచ్చగా చేస్తుంది, అంతే.

మరి నేను ఏం వాడుతున్నా? నాకు కుదిరినవి చెప్తా.

తలకి కుంకుడుకాయ. గింజ తీసి పైతొక్క రాత్రి మగ్గులో నీళ్ళల్లో వేస్తే పొద్దున్నకి పిసకడానికి తయారు. పొయ్యి అక్కర్లేదు. ముగ్గురం కలిసి ఆదివారం ఒకేసారి నానబెట్టుకుంటాం. ఆ నీళ్ళు నిలవ ఉండవు, అదే రోజు వాడెయ్యాలి. కంట్లో పడితే మంట ఎలా ఉంటుందో చిన్నప్పుడు అమ్మ చేతిలో అందరం తిన్నదే, జాగ్రత్త. శీకాయ కూడా కలుపుకోవచ్చు.

కాళ్ళకి, చేతులకి, చలికాలం పగిలే మడమలకి, పెదాలకి ఇప్పనూనె. మా అమ్మమ్మ సీసాలో పోసి పంపిస్తుంది. చలికి గడ్డకడుతుంది, పాడైందనుకుని పారేయకండి, ఎండలో పెడితే కరుగుతుంది. మొటిమలున్న మొహానికి మాత్రం ఏ నూనే వద్దు, ఇంకా పెరుగుతాయి. కొత్తది ఏదైనా ముందు మోచేతి లోపల కొంచెం రాసి ఒక రోజు చూడండి.

మొహానికి నీళ్ళు, ఘాటు లేని సబ్బు. అంతకంటే ఏమీ లేదు. ఎండకి చున్నీ, గొడుగు. ఏ నూనే, ఏ ఆకుపసరూ ఎండని ఆపదు. నాలాగా చర్మం దెబ్బతిన్న వాళ్ళు డాక్టర్ చెప్పిన సన్‌స్క్రీన్ వాడాల్సిందే. ఇక్కడ నేచురల్ అని మొండికెయ్యడం తెలివి కాదు.

ఇక మేకప్. కొంతమంది అన్నలు "కాలేజీకి పోయి మన ఆడపిల్లలు లిప్‌స్టిక్‌లకు మరిగారు" అంటుంటారు. అన్నా, మనోళ్ళు అలంకారం ఎప్పుడు మానేశారు? మా అమ్మమ్మ నుదుటి మీద, చేతుల మీద పచ్చబొట్లు ఉన్నాయి. కొప్పులో పువ్వు లేకుండా ఆమె సంతకి పోదు. కాటుక పెట్టుకున్నా, పెదాలకు రంగేసుకున్నా మనం ఆదివాసీలం కాకుండా పోము. మన ఏజెన్సీలో పండే జాఫ్రా గింజల ఎరుపుని కొన్ని లిప్‌స్టిక్‌లలో రంగుగా వాడతారని ఎంతమందికి తెలుసు? ఉన్న మొహాన్ని ముద్దుగా చూసుకోవడం అలంకారం. ఉన్న మొహాన్ని చెరిపెయ్యాలనుకోవడం వేరు. నేను కొట్లాడేది రెండోదానితోనే.

ఇంకో మాట. ఈ కుంకుళ్ళు, శీకాయ, ఇప్పబద్ద ఎండలో ఏరేది మన అమ్మలే. బస్తాల లెక్కన జీసీసీకో, సంతలో షావుకారుకో అమ్ముతారు. అదే కుంకుడుకాయ బొమ్మ వేసిన సీసాని మనం హాస్టల్లో కొనుక్కుంటాం. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు మనదేనని 2006 అటవీ హక్కుల చట్టం చెప్తోంది. హక్కు ఉన్నా, మన సరుకు మనకే తక్కువగా కనపడితే ఆ చట్టం ఏం చేస్తుంది? సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక కిలో కుంకుళ్ళు, ఒక సీసా ఇప్పనూనె తెచ్చుకోండి. టౌన్ ఫ్రెండ్స్ అడిగితే ఊరికే ఇవ్వకండి, సరైన రేటుకి అమ్మండి. అమ్మకి పంపండి.

ఇప్పుడు నా మొహం చాలావరకు కుదుటపడింది. బుగ్గల మీద ఎరుపు ఇంకా కొంచెం ఉంది, ఎండాకాలం గుర్తుచేస్తుంది. రంగు మాత్రం నా రంగు నాకు తిరిగొచ్చింది. మొన్న సెలవులకు వెళ్తే అమ్మమ్మ నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇప్పుడు మా ఇంటి పిల్లలా ఉన్నావు" అంది. ఏ క్రీము రాసినప్పుడూ నాకు అంత బాగా అనిపించలేదు.

కాబట్టి చెల్లెళ్ళారా, తమ్ముళ్ళారా, ఇప్పనూనె రాసుకోండి. చర్మం పగలకుండా ఉండటానికి రాసుకోండి, తెల్లబడటానికి కాదు. మీ హాస్టల్లో ఎవరి మొహమైనా ఎర్రగా మండుతుంటే నవ్వకుండా పక్కకు పిలిచి ట్యూబు చూపించమని అడగండి. నన్ను ఎవరైనా ముందే అలా అడిగి ఉంటే బాగుండేది.

తప్పు రాస్తే చెప్పండి, దిద్దుకుంటా. మీ వైపు పెద్దోళ్ళు ఏం వాడతారో, ఏది పడదో కింద రాయండి.

జై ఆదివాసీ.