పనిచోట వెలుతురు ఎటునుంచి పడాలి?

సర్ఫ్‌బోర్డులను చేత్తో చెక్కే గదిలో పని నడిచేటప్పుడు నెత్తిమీద లైటు వెలగదు. నడుం ఎత్తుకు కాస్త పైన, పొడవాటి రెండు గోడల వెంబడి ట్యూబ్‌లైట్లు అడ్డంగా బిగించి ఉంటాయి. గోడలకు తెల్లసున్నం బదులు ముదురు నీలమో, ముదురు ఆకుపచ్చో వేస్తారు. కాలిఫోర్నియా, హవాయి, ఆస్ట్రేలియా తీరాల్లో సర్ఫింగ్ పెరిగిన కొద్దీ బోర్డులు చెక్కే షేపర్లు తమ గదులను ఇలాగే అమర్చుకుంటూ వచ్చారు. చేతిపనిలో ఆరితేరినవాళ్లు వెలుతురుకు ఉలి, రంపంతో సమానమైన విలువ ఇచ్చారనడానికి ఇది గట్టి రుజువు. మన దగ్గర మాత్రం వర్క్‌షాపు కట్టేటప్పుడు లైట్ల సంగతి ఆఖరున గుర్తొస్తుంది. అప్పుడు కూడా ఎన్ని లైట్లు, ఎన్ని వాట్లు అనే లెక్కతోనే సరిపెడుతున్నాం. వెలుతురు ఎటునుంచి పడాలన్నది ముందే తేల్చుకోవాలి.

షేపర్ ముందున్న దిమ్మ తెల్లటి పాలియురేథేన్ నురగ. మధ్యలో నిలువునా సాగే సన్నటి చెక్కపట్టీ తప్ప దానిమీద చారా ఉండదు, మచ్చా ఉండదు. ఎలక్ట్రిక్ చిత్రికతో పైపొర లేపి, ముక్కు నుంచి తోక దాకా వంపు తీసి, అంచులను ముందు పలకలు పలకలుగా కోసి, తర్వాత గుండ్రం చేయాలి. కుడి ఎడమ అంచులు ఒకేలా రావాలి. తేడా వస్తే ఒక పక్కకు తిరిగినట్టు రెండో పక్కకు బోర్డు తిరగదు. అంగుళంలో పదహారో వంతు కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. పైనుంచి దండిగా వెలుతురు పడితే ఆ దిమ్మంతా ఒకటే తెలుపుగా కనిపించి, మిట్టలూ పల్లాలూ అందులో కలిసిపోతాయి.

అదే వెలుతురు పక్కనుంచి, ఉపరితలాన్ని రాసుకుంటూ వస్తే సంగతి వేరు. ఒక మిల్లీమీటరు ఎత్తున్న బొడిపె మీద 60 డిగ్రీల వాలులో వెలుగు పడితే నీడ అర మిల్లీమీటరు పైచిలుకు మాత్రమే ఉంటుంది. 5 డిగ్రీల వాలులో పడితే 11 మిల్లీమీటర్లు దాటి సాగుతుంది. లోపం అంతే ఉన్నా, కంటికి ఇరవై రెట్లు పెద్దదై కనబడుతుంది. గోడలకు ముదురు రంగు వేయడంలోని మర్మమూ ఇదే. తెల్లగోడ వెలుగును వెనక్కి కొట్టి నీడలను చెరిపేస్తుంది. ముదురు గోడ అలా చేయదు, పైగా తెల్లటి బోర్డు అంచు దాని ముందు స్పష్టంగా తేలుతుంది.

అంచు గుండ్రం చేసే దశలో ఈ నీడే షేపర్‌కు దారి చూపుతుంది. చిత్రిక ఆపి, తల బోర్డు ఎత్తుకు వంచి, తోక వైపు నుంచి ముక్కు వైపు చూస్తాడు. వెలుగూ నీడా కలిసే గీత అంచు వెంబడి సాఫీగా సాగితే పని కుదిరినట్టే. ఎక్కడైనా ఆ గీత వణికితే అక్కడ మిట్ట ఉంది. పెన్సిలుతో గుర్తు పెట్టి, గరుకు జాలీతో రెండు మూడు సార్లు తేలిగ్గా రుద్ది మళ్లీ చూస్తాడు. అవసరమైతే ఒక వైపు లైట్లు ఆర్పేసి రెండో వైపు వెలుగులోనే పరీక్షిస్తాడు. అందుకే రెండు గోడల లైట్లకూ వేర్వేరు స్విచ్చులు పెట్టుకుంటారు.

అనుభవం ఉన్న చేతికి లైటుతో పనేమిటి, అరచేత్తో తడిమితే తెలియదా అని అడగవచ్చు. షేపర్లు తడిమి చూస్తారు కూడా. కానీ చేయి తాను ఆనిన చోటి సంగతే చెబుతుంది. ఆరేడు అడుగుల పొడవునా వంపు ఎలా నడిచిందో ఒక్క చూపులో పట్టేది కన్ను.

మరి యంత్రాలు వచ్చాక? ఇప్పుడు చాలా బోర్డులకు మొదటి ఆకారం ఇచ్చేది కంప్యూటర్ కోత యంత్రమే. అయితే ఆ కోత దిమ్మ పొడవునా సన్నటి గట్లు వదులుతుంది. వాటిని చదును చేసే మనిషి నిలబడేది ఆ పక్క లైట్ల మధ్యనే.

ఈ చర్చకు ఇప్పుడే సమయం. ఎందుకంటే పాత ట్యూబ్‌లైట్ల కాలం ముగుస్తోంది. వాటిలో పాదరసం ఉంటుంది. కాలిఫోర్నియా 2022లో చేసిన చట్టం ప్రకారం 2025 జనవరి 1 నుంచి అక్కడ పొడవాటి ఫ్లోరోసెంట్ ట్యూబుల అమ్మకం ఆగింది. పాదరసంపై మినమాటా ఒప్పందంలోని దేశాలు 2023లో జెనీవాలో సమావేశమై, 2027 చివరికల్లా వీటి తయారీ, ఎగుమతి, దిగుమతులు ఆపాలని నిర్ణయించాయి. ఇది మంచి నిర్ణయం. కాకపోతే ఒక జాగ్రత్త అవసరం. పాత ట్యూబు చుట్టూరా వెలుగు చిమ్మేది, ఎల్‌ఈడీ ట్యూబు ఎక్కువగా ఒక వైపే చిమ్ముతుంది. పాత పట్టీలో కొత్త ట్యూబు దూర్చి వదిలేస్తే వెలుగు బోర్డు మీద కాకుండా పనివాడి కళ్లలో పడవచ్చు. నాసిరకం ఎల్‌ఈడీ అయితే చోక్‌తో వెలిగే పాత ట్యూబు లాగే రెపరెపలాడుతుంది. ఆ వెలుగులో గిర్రున తిరిగే బ్లేడు నెమ్మదిగా తిరుగుతున్నట్టు, ఒక్కోసారి ఆగినట్టు భ్రమ కలగవచ్చు.

మన దేశంలో 2015లో మొదలైన ఉజాలా పథకం కింద 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు పంచారు. తక్కువ కరెంటుతో ఎక్కువ వెలుగు ఇంటింటికీ చేరింది. పనిచోట ఆ వెలుగును ఎక్కడ నిలపాలన్న ఆలోచన మాత్రం దాని వెంట రాలేదు. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి కర్మాగారాల చట్టం 17వ సెక్షన్ తగినంత వెలుతురుతో పాటు అనువైన వెలుతురు కూడా ఉండాలంది. కంటికి శ్రమ కలిగించే, ప్రమాదం తెచ్చే నీడలు పడకుండా చూడాలంది. నడిచే దారిలో, యంత్రాల దగ్గర అది అక్షరాలా పాటించాల్సిన మాట. నునుపు తేల్చే పనికి మాత్రం నీడ కావాలి. ఆ పనికి ‘అనువైన’ వెలుతురు అలా నీడ పడేలా చేసేదే.

ఈ విద్య మన పనివాళ్లకు తెలియనిది కాదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొత్త ఫ్లాట్‌లో లప్పం పట్టే పెయింటర్ వైరుకు తగిలించిన బల్బును గోడకు ఆనించినట్టు పట్టుకుంటాడు. లప్పం గీతలన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. వాటి చుట్టూ పెన్సిలుతో సున్నాలు చుట్టి ఎమరీ పేపరు పడతాడు. బల్బు పట్టుకోవడానికే ఒక చేయి పోతుంది. దానికొక స్టాండు ఇవ్వాలని కాంట్రాక్టరుకు తట్టాలి.

మగ్గం దగ్గర చిక్కు మరో రకం. నేతగాడి వీపు వెనక బల్బు వెలిగితే అతని తల నీడ, చేతుల నీడ సరిగ్గా పడుగూ పేకా కలిసే చోట పడతాయి. తెగిన పోగు ఆ నీడలో దాక్కుంటుంది. జాతీయ చేనేత అభివృద్ధి కార్యక్రమంలో వర్క్‌షెడ్లకూ, లైటింగ్ యూనిట్లకూ సాయం ఉంది. ఆ డబ్బుతో లైటు బిగించే ముందు నేతగాణ్ని మగ్గంలో కూర్చోబెట్టి, లైటును చేత్తో పట్టుకుని అటూ ఇటూ జరిపి, పోగులు స్పష్టంగా కనబడిన చోట గోడ మీద గుర్తు పెట్టడానికి పావుగంట చాలు. ఐటీఐల్లో వడ్రంగానికీ, పెయింటింగ్‌కూ వచ్చే పిల్లలకు మొదటి వారంలోనే ఈ పరీక్ష చేయించాలి. షెడ్డు ప్లానులో మామూలు లైట్లకు ఒక స్విచ్చు, పక్క లైట్లకు మరో స్విచ్చు తప్పనిసరి చేయాలి. అదనంగా అయ్యే ఖర్చు కొన్ని మీటర్ల వైరు, ఒకటి రెండు స్విచ్చులు.