అమ్మబోతే అడవి, ఆ అడవిలో దొంగలు

మే నెలాఖరుకి మాణికేశ్వర్ నగర్‌లో రెండు పెరుగుతాయి. గోడల మీద టు-లెట్ బోర్డులు, ఫోన్లలో 'అర్జెంట్ సేల్' ప్రకటనలు. ఫైనలియర్ వాళ్లు గదులు ఖాళీ చేస్తుంటారు. కూలర్, ఇనుప మంచం, ఇండక్షన్ స్టవ్, డ్రాఫ్టర్, నాలుగేళ్లు మోసిన లాప్‌టాప్. ఊరికి బస్సులో తీసుకుపోలేరు, పారేయడానికి మనసు రాదు. ఫొటో తీసి ఏదో ఒక యాప్‌లో పెట్టేస్తారు. ఐదు నిమిషాల పని.

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని పెద్దోళ్లు ఊరికే అనలేదు. కాకపోతే వాళ్ల కాలంలో అమ్మేవాడికి నష్టం ధరలోనే ఉండేది. వెయ్యి రూపాయల సరుకు మూడొందలకి పోయేది, అంతే. ఇప్పుడు సరుకు చేతిలోనే ఉండగా ఖాతాలో డబ్బు పోతోంది. ఈ తేడాని మనం సరిగ్గా పట్టించుకోవట్లేదని నా అభిప్రాయం.

పాత వస్తువుల వ్యాపారం మీద లోకంలో ఉన్న తెలివంతా కొనేవాడి కోసం పుట్టింది. జార్జ్ అకర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో సెకండ్‌హ్యాండ్ కార్ల గురించి ఒక పేపర్ రాశాడు. కారులో ఏ లోపం ఉందో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు, అందుకే మంచి కార్లు మార్కెట్‌లోంచి తప్పుకుని డొక్కు కార్లే మిగులుతాయి అన్నది దాని సారాంశం. ఆ పనికి 2001లో నోబెల్ వచ్చింది. మన ఇంట్లో వాళ్లు చెప్పే మాటా అదే కదా: "జుమేరాత్ బజార్‌లో ఏదన్నా కొంటే చూసుకొని కొనురా, దొంగమాల్ అంటగడతరు." అందరూ కొనేవాడినే హెచ్చరించారు. అమ్మేవాడు ఎప్పుడూ తెలివైనవాడే అన్న లెక్క.

ఫోన్‌లో ఆ లెక్క తలకిందులైంది. ప్రకటన పెట్టినవాడి వస్తువు, ఫొటో, ఏరియా, ఫోన్ నంబరు, ఎంత తొందరలో ఉన్నాడన్నది కూడా అందరికీ కనిపిస్తుంటాయి. కొనడానికి వచ్చినవాడి గురించి మాత్రం ఏమీ తెలియదు. చీకటి వైపు ఇప్పుడు కొనేవాడు నిలబడ్డాడు.

మా పక్క గదిలో ఉండే ఒక జూనియర్‌కి జరిగింది ఇదే. కూలర్ పెట్టాడు, మూడు వేలకి. పది నిమిషాల్లో ఫోన్. హిందీలో మాట్లాడుతున్నాడు, ఆర్మీ జవాన్‌నని, సికింద్రాబాద్‌కి ట్రాన్స్‌ఫర్ అయిందని అన్నాడు. బేరం కూడా ఆడలేదు. యూనిఫాం ఫొటో, ఐడీ కార్డు, క్యాంటీన్ కార్డు వాట్సాప్‌లో పంపాడు. "మా దగ్గర పేమెంట్ పద్ధతి వేరే భాయ్, ముందు ఒక్క రూపాయి నువ్వు పంపు, నేను రెండు పంపుతా." మనవాడు ఒక రూపాయి పంపాడు, రెండు వచ్చాయి. తర్వాత క్యూఆర్ కోడ్ వచ్చింది, దాని కింద 'రిసీవ్ రూపీస్ 3000' అని రాసి ఉంది. స్కాన్ చేసి పిన్ కొట్టాడు. మూడు వేలు పోయాయి. "అయ్యో, పొరపాటున రివర్స్ అయింది, ఇంకోసారి చెయ్, ఆరు వేలు వస్తయి" అన్నాడు అవతలివాడు. ఇంకోసారి చేశాడు. మొత్తం తొమ్మిది వేలు, మెస్ బిల్లుకి ఇంటి నుంచి పంపిన డబ్బు. కూలర్ మాత్రం గదిలోనే ఉంది.

ఈ కథ కొత్తది కాదు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్, దాని పక్కనే మేవాత్ ప్రాంతం నుంచి నడిచే ముఠాలు కొన్నేళ్లుగా ఇదే స్క్రిప్ట్ చదువుతున్నాయి. మన హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు అక్కడిదాకా వెళ్లి అరెస్టులు చేసిన సందర్భాలూ ఉన్నాయి. అయినా స్క్రిప్ట్ మారలేదు. మార్చాల్సిన అవసరం వాళ్లకి రాలేదు మరి.

ఇక్కడ ఇంజనీరింగ్ వాళ్లం కాబట్టి ఒక్క నిమిషం ఆగుదాం. యూపీఐ క్యూఆర్ అంటే ఏంటి? ఆ నలుపు తెలుపు గళ్లలో ఉండేది ఒక చిన్న లింకు. యూపీఐ అన్న మాట తర్వాత వచ్చే మాట 'పే'. ఆ తర్వాత ఎవరికి పంపాలో ఆ ఐడీ, పేరు, కావాలంటే మొత్తం. స్కాన్ చేసినవాడికి డబ్బు వచ్చేలా చేసే గళ్లు అందులో లేవు. పిన్ కూడా అంతే, డబ్బు ఖాతాలోంచి బయటికి పోవడానికే అడుగుతారు, లోపలికి రావడానికి అడగరు. 2016లో యూపీఐ వచ్చినప్పటి నుంచీ రూల్ ఇదే. ఇంత సింపుల్ విషయం మనకి ఏ సెమిస్టర్‌లోనూ చెప్పలేదు. నెట్‌వర్క్స్ పేపర్‌లో ఏడు లేయర్లు బట్టీపట్టినవాడు కూడా ఆ గళ్ల కింద ఎవడో టైప్ చేసిన 'రిసీవ్' అన్న మాటని నమ్ముతున్నాడు.

దీనికి మందు లేదా అంటే, ఒకటి ఆలస్యంగా వచ్చింది. ఇంతకుముందు 'కలెక్ట్ రిక్వెస్ట్' అని ఒకటి ఉండేది. అవతలివాడు డబ్బు అడుగుతూ రిక్వెస్ట్ పంపితే, మనం డబ్బు వస్తోందనుకొని ఓకే నొక్కేవాళ్లం. వ్యక్తుల మధ్య దాన్ని ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేసింది. మంచిదే. కానీ తొమ్మిదేళ్లు పట్టింది. క్యూఆర్ దారి ఇంకా తెరిచే ఉంది. దొంగ పేమెంట్ యాప్‌లూ ఉన్నాయి, పచ్చ టిక్కుతో సహా 'సక్సెస్' స్క్రీన్ చూపించి, ఉత్తుత్తి మెసేజ్ పంపి, లాప్‌టాప్ తీసుకుని బండెక్కుతారు. స్క్రీన్ ఎవడైనా గీస్తాడు. మన బ్యాంక్ యాప్‌లో బ్యాలెన్స్ పెరిగిందా లేదా అన్నదొక్కటే సాక్ష్యం.

పోలీసు పోస్టర్లలో తరచూ కనిపించే మాట ఒకటుంది: అత్యాశకు పోవద్దు. పెట్టుబడి మోసాలకి ఆ మాట సరిపోతుందేమో, ఇక్కడ సరిపోదు. సగం ధరకి కూలర్ అమ్ముకునేవాడి దగ్గర అత్యాశ ఎక్కడుంది? వాడికున్నది తొందర. రేపు పొద్దున గది తాళాలు ఇవ్వాలి, ఓనర్ అంకుల్ రెండుసార్లు గుర్తుచేశాడు. ఆ తొందరని పట్టుకుని లాగుతున్నారు. బాధితుడిని ఆశపోతు అన్నామనుకోండి, వాడు సిగ్గుపడి ఎవరికీ చెప్పడు. మా జూనియర్ రెండు రోజులు చెప్పలేదు. ఆ రెండు రోజులే అసలు విలువైనవి. 1930కి వెంటనే ఫోన్ చేస్తే డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి దూకే లోపల ఆపే అవకాశం ఉంటుంది. రెండు రోజుల తర్వాత అది ఏ ఏటీఎంలోంచి బయటికొచ్చిందో వెతుక్కోవాల్సిందే. బ్యాంకుకి వెళ్తే మొదటి మాట: "పిన్ మీరే కొట్టారు కదా బాబూ."

డబ్బు పోవడం ఒక రకం. డబ్బు నిజంగా వచ్చి కూడా ఇరుక్కోవడం ఇంకో రకం, దీని గురించి తక్కువ మాట్లాడుకుంటున్నాం. ఎవడో మీ ఫోన్ కొన్నాడు, పదిహేను వేలు నిజంగానే ఖాతాలో పడ్డాయి, ఫోన్ ఇచ్చేశారు. నెల తర్వాత మీ ఖాతా ఫ్రీజ్. ఎందుకంటే ఆ పదిహేను వేలు వేరే రాష్ట్రంలో ఇంకెవరి దగ్గరో కొట్టేసిన డబ్బు. కేసు అక్కడ నమోదైంది, డబ్బు వెళ్లిన దారిలో మీ ఖాతా కూడా ఒక మజిలీ. మీరు దొంగ కాదని మీరే నిరూపించుకోవాలి, మీరు చూడని ఊరి పోలీస్ స్టేషన్‌కి మెయిళ్లు పెడుతూ. స్కాలర్‌షిప్ పడేది అదే ఖాతాలో అయితే ఇక చెప్పేదేముంది. కొన్నవాడి ఐడీ కాపీ, చాటింగ్, బిల్లు, ఐఎంఈఐ నంబరు రాసుకున్న ఒక చిన్న రసీదు, ఇవి ఉంటే కనీసం చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. కొన్నవాడి పేరు ఒకటి, డబ్బు పంపిన ఖాతా పేరు ఇంకొకటి అయితే సరుకు ఇవ్వకపోవడమే మేలు.

మరి మధ్యలో ఉన్న యాప్ వాళ్ల బాధ్యత? దీనికి మన దేశంలో ఒక పాత కథ ఉంది. ఈబే, ఓఎల్ఎక్స్ అన్న పేర్లు ఇక్కడ మామూలు కాకముందు బాజీ డాట్ కామ్ అని ఒక వేలం సైట్ ఉండేది. 2004లో దాన్ని ఈబే కొనేసింది. అదే ఏడాది ఐఐటీ ఖరగ్‌పూర్ విద్యార్థి ఒకడు అందులో ఒక అశ్లీల వీడియో క్లిప్‌ని అమ్మకానికి పెట్టాడు. అతన్నీ అరెస్ట్ చేశారు, డిసెంబర్‌లో సైట్ సీఈఓ అవ్నీష్ బజాజ్‌నీ అరెస్ట్ చేశారు. ఎవడో పెట్టిన ప్రకటనకి సైట్ అధిపతి జైలుకి వెళ్లాలా అని పెద్ద చర్చ నడిచింది. ఐటీ చట్టానికి 2008లో వచ్చిన సవరణ వెనక ఆ కేసు కూడా ఉంది. తగిన జాగ్రత్తలు తీసుకుంటే చాలు, మధ్యవర్తికి సెక్షన్ 79 కింద రక్షణ దొరికింది.

ఆ రక్షణ తప్పని నేను అనను. కానీ దాని అర్థం ఏంటో అమ్మేవాడికి తెలియాలి. సైట్ తనని తాను మధ్యవర్తి అంటుంది. వినియోగదారుల చట్టం ప్రధానంగా కొనేవాడి కోసం రాసింది. ఉచితంగా ప్రకటన పెట్టుకున్న స్టూడెంట్ ఈ రెండింటి మధ్య ఎక్కడా లేడు. విదేశాల్లోనూ అమ్మేవాడి పరిస్థితి గొప్పగా ఏమీ లేదు. ఈబే 2008లో అమ్మకందారులు కొనుగోలుదారుల మీద నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఇవ్వకుండా ఆపేసింది. అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్న మన సీనియర్లని అడగండి, దొంగ చెక్కుల సంగతి చెబుతారు. సోఫా ధర కంటే ఎక్కువ మొత్తానికి చెక్కు పంపి, మిగిలింది తిరిగి పంపమంటారు. బ్యాంకు ముందు డబ్బు చూపిస్తుంది, చెక్కు దొంగదని తేలాక వెనక్కి తీసుకుంటుంది. అప్పటికి 'మిగిలింది' వెళ్లిపోయి ఉంటుంది.

అమ్మకం సజావుగా అయిపోయినా అయిపోనట్టే ఉండే వస్తువులు రెండున్నాయి.

ఒకటి లాప్‌టాప్. ఎంఐటీలో ఇద్దరు విద్యార్థులు 2000-2002 మధ్య ఈబే లాంటి చోట్ల 158 పాత హార్డ్ డిస్కులు కొన్నారు. పనిచేసినవి 129. వాటిలో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే. మిగతా వాటిలో ఉత్తరాలు, వైద్య వివరాలు, వేలల్లో క్రెడిట్ కార్డు నంబర్లు. ఫార్మాట్ కొడితే పోయేది విషయసూచికే, పేజీలు అలాగే ఉంటాయి. ఇరవై ఏళ్లు దాటినా మన హాస్టళ్లలో 'ఫార్మాట్ కొట్టేశా మామా' అన్నమాటే వినిపిస్తోంది. పాత హార్డ్ డిస్క్ అయితే మొత్తం మీద ఒకసారి సున్నాలు రాయించాలి, ఎస్ఎస్‌డీ అయితే తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ వాడాలి. అంత ఓపిక లేకపోతే డిస్క్ తీసేసి అమ్మండి, వెయ్యి తక్కువొస్తుంది. ఆధార్, పాస్‌బుక్, ఇంకా ఫొటోలు... సరే, ఫొటోల సంగతి మీకే తెలుసు.

రెండోది బైక్. తాళం, ఆర్సీ ఇచ్చి డబ్బు తీసుకోగానే అమ్మకం అయిపోయిందనుకుంటాం. చట్టం అలా అనుకోదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోపు అమ్మినవాడు ఆర్టీఏకి తెలపాలి. దానికి ఫారం 29, పేరు మార్పిడికి ఫారం 30. ఇవి కాకుండా వదిలేస్తే? నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది: బండి ఎన్ని చేతులు మారినా రికార్డులో పేరున్నవాడే యజమాని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత అతనిదే. చలాన్లు అన్నది చిన్న మాట. తార్నాక చౌరస్తాలో హెల్మెట్ లేకుండా ఎవడో పోతే ఫైన్ మీకొస్తుంది, కట్టేస్తారు. అదే బండి ఎవరినైనా గుద్దితే, ఇన్సూరెన్స్ కూడా అయిపోయి ఉంటే, ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది మీకు కోర్టు నోటీసు. కొన్నవాడు "పేరు నేనే మార్చుకుంటా అన్నా" అంటే సంతోషమే, కానీ ఫారం 29 మీద సంతకాలు అక్కడే పెట్టించుకుని మీరే సబ్మిట్ చేయండి.

ఇంత చెప్పాక యాప్‌లు మానేయమంటానా? అనను. బస్తీలో పొద్దున్నే మైకు పెట్టుకుని వచ్చే పాత సామాన్ల బండాయన కూలర్‌ని ఎత్తి చూసి మూడొందలంటాడు. యాప్‌లో మూడు వేలు అడగొచ్చు. ఆ తేడా మనకి చిన్నది కాదు. కానీ ఆ బండాయన దగ్గర ఒక మంచి గుణం ఉంది, వస్తువు ముందు, నోట్లు ముందు, మనిషి ముందు. ఎక్కడ తిరుగుతాడో బస్తీలో అందరికీ తెలుసు. యాప్‌ని కొనేవాడిని వెతకడానికి మాత్రమే వాడుకుని, డబ్బు దగ్గర బండాయన పద్ధతి పాటిస్తే చాలావరకు గొడవ ఉండదు. తార్నాక మెట్రో స్టేషన్ కింద, పట్టపగలు, పక్కన ఒక దోస్తు. రానని, ట్రాన్స్‌పోర్ట్ వాడు వస్తాడని అన్నవాడి ఫోన్ పెట్టేయండి, వాడు జనరల్ అయినా సరే.

అసలు అంత దూరం కూడా ఎందుకు? మనం మేలో అమ్మే కూలర్లే జూన్, జూలైలో వచ్చే జూనియర్లు కొత్తవి కొంటున్నారు. మధ్యలో రెండు నెలలు, అంతే. కాలేజీలో ఒక ఖాళీ గది రెండు నెలల కోసం తాళం వేసి ఇమ్మని హెచ్‌ఓడీ సార్‌ని అడుగుదాం. వస్తువు మీద పేరు, రోల్ నంబర్, ధర రాసిన చీటీ. అడ్మిషన్ల వారంలో రెండు బల్లలు వేసి అమ్మేయడం. కొన్నవాడు ఎవడో, ఏ బ్రాంచో తెలుసు. అమ్మినవాడికి డబ్బు అదే రోజు వెళుతుంది. గది లేదంటే కనీసం మన క్లబ్ గ్రూపులో ఒక షీట్ పెట్టినా నడుస్తుంది. షీట్ నేను తయారుచేస్తాను, ఈ ఏడాది గదులు ఖాళీ చేసేవాళ్లు వస్తువు, ధర, ఎప్పటివరకు ఉంచగలరు అన్న మూడు వివరాలు పంపండి. మా జూనియర్ కూలర్ మొదటి వరుసలో ఉంది, ధర రెండు వేల ఐదొందలు, మోటార్ బాగానే ఉంది, గడ్డి మాత్రం మార్చుకోవాలి.