పిలుపు అందరికీ, దారి కొందరికేనా?

విదేశీ విద్య అనగానే మన ఇళ్లలో ముందుగా వినిపించేవి ఉద్యోగం, డాలరు అనే రెండు మాటలే. ఆ ఆశను మేము తప్పు పట్టడం లేదు. పేదరికంలో పెరిగిన బిడ్డ నాలుగు రాళ్లు సంపాదించుకోవాలనుకోవడం పాపం కాదు. అయితే దేశాల మధ్య విద్యార్థుల మార్పిడి కార్యక్రమాలు పుట్టిన కారణం వేరు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1946లో, అమెరికా విదేశాల్లో మిగిలిపోయిన తన యుద్ధ సామగ్రిని అమ్మగా వచ్చిన సొమ్ముతో ఫుల్‌బ్రైట్ కార్యక్రమానికి పునాది వేసింది. అదే ఏడాది జెనీవా దగ్గర బొస్సేలో క్రైస్తవ ఐక్యతా విద్యాలయం మొదలైంది. నిన్నటిదాకా శత్రువులైన దేశాల యౌవనస్థులు అక్కడ కలిసి చదివారు, కలిసి ప్రార్థించారు. 1987లో ఐరోపాలో 11 దేశాల నుంచి 3,244 మంది విద్యార్థులతో ఎరాస్మస్ ఆరంభమైంది. ఒకరినొకరు ఎరిగినవారి మధ్య పగ పెరగదన్నదే వీటన్నిటి వెనుక ఉన్న నమ్మకం.

ఈనాటి సమస్యలు వాతావరణ మార్పు, నీటి కొరత, అంటువ్యాధులు, వలస. వీటికి సరిహద్దులు లేవు. అందుకే చాలా స్కాలర్‌షిప్పులు నీ చదువు నీ దేశానికి ఎలా ఉపయోగపడుతుందని దరఖాస్తులోనే అడుగుతాయి. బ్రిటన్ ఇచ్చే చెవెనింగ్‌లో చదువు ముగిశాక కనీసం రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు కూడా ఉంది. ఇదంతా మంచిదే. కానీ ఆ సమస్యల్ని అనుభవించినవారు ఆ తరగతి గదుల్లో ఉన్నారా?

వారు ఉంటే ఏం జరుగుతుందో చరిత్ర చెబుతోంది. 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అంబేడ్కర్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1916లో అక్కడి సెమినారులో కులం పుట్టుక గురించి పత్రం చదివారు. 1927లో మహారాష్ట్రలోని మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగే హక్కు కోసం జనాన్ని నడిపించారు. ఆ స్కాలర్‌షిప్ ఫలం ఒక కుటుంబంతో ఆగిపోలేదు.

మార్పిడి అంటే నేర్చుకోవడం మాత్రమే కాదు, నేర్పడం కూడా. 1999 పెను తుపానులో ఒడిశాలో సుమారు 10 వేల మంది చనిపోయారు. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు, లక్షలాది మందిని ముందే తరలించడంతో మృతుల సంఖ్య పదుల్లోనే ఉంది. బరంపురం ప్రాంతంలో పెరిగిన మన తెలుగు యువతకు తుపాను షెల్టరు ఎలా పనిచేస్తుందో తెలుసు. ప్రపంచ తీర ప్రాంతాలకు ఆ అనుభవం కావాలి.

కానీ దారి ఎక్కడుంది? కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఏడాదికి 125 మందికి. అందులో 115 ఎస్సీలకు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రీస్తును అంగీకరించిన దళితుడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ ఉత్తర్వును సవరించారు, మనకు మాత్రం సవరించలేదు. మైనారిటీగా వెళ్దామంటే, విదేశీ చదువు రుణాలపై వడ్డీ భరించే పఢో పరదేశ్ పథకాన్ని 2022-23 నుంచి ఆపేశారు. పేటలో వివక్ష మారదు, కాగితం మీద అర్హత మాత్రం పోతుంది. తలచుకుంటే మార్గం ఉందని తమిళనాడు చూపించింది. అక్కడి అణ్ణల్ అంబేడ్కర్ విదేశీ విద్యా పథకంలో క్రైస్తవ ఆదిద్రావిడులకూ చోటుంది. మిగిలిన రాష్ట్రాల్లోని మన సంఘాలు ఇదే మాట తమ ప్రభుత్వాలను అడగాలి.

అడగడంతో పాటు చేయవలసినవీ ఉన్నాయి. ప్రతి సంఘంలో చదువుకున్న ఒకరు స్కాలర్‌షిప్పుల గడువులు కనిపెట్టి, ఆదివారం ఆరాధన తర్వాత చెప్పే బాధ్యత తీసుకోవాలి. పాస్‌పోర్టుకు, ఇంగ్లీషు పరీక్ష ఫీజుకు డబ్బు లేక ఆగిపోయేవారికి పండుగ ఖర్చులో కొంత పక్కన పెట్టాలి. పెద్దలు అమ్మాయిల దరఖాస్తులకు అడ్డు చెప్పకూడదు. మన గిరిజన విశ్వాసులు ఒక సంగతి గమనించాలి: ఎస్టీ హోదాకు మతంతో ముడి లేదు. గిరిజన వ్యవహారాల శాఖ ఇచ్చే విదేశీ స్కాలర్‌షిప్‌కు వారు నిస్సందేహంగా దరఖాస్తు చేయవచ్చు.

యౌవనస్థులారా, ఏ దేశం వెళ్లాలని కాక, మీ వీధిలోని ఏ సమస్యను వెంట తీసుకెళ్లాలని మొదట ఆలోచించండి. మోషే ఐగుప్తు రాజభవనంలో చదివాడు. ఆ చదువు, ఇటుకలు చేస్తున్న తన జనం మొర విన్నప్పుడే దేవుని పనికి వచ్చింది. మీరూ వెళ్లండి, నేర్చుకోండి. మీ జనం మొరను మాత్రం మరచిపోకండి.