'సహజం' అనే మెప్పు మనకొద్దు

మొన్నొక సదస్సులో ఒక విమర్శకుడు మన కవయిత్రుల గురించి చెబుతూ, "వీళ్ళది శిల్పం కాదండీ, సహజంగా పొంగుకొచ్చిన అనుభవం" అన్నారు. మెచ్చుకుంటున్నాననే అనుకున్నారాయన. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. అమెరికన్ గాయని, పాటల రచయిత్రి కరోల్ కింగ్ గుర్తొచ్చింది.

1971లో ఆమె 'టేపెస్ట్రీ' ఆల్బమ్ అమెరికాలో 15 వారాలు వరసగా మొదటి స్థానంలో నిలిచింది. మరుసటి ఏడు నాలుగు గ్రామీలు వచ్చాయి. అట్ట మీద కిటికీ పక్కన చెప్పుల్లేని కాళ్ళతో ఆమె, ముందొక పిల్లి. ఇంట్లో కూచుని మనసు విప్పిన స్త్రీ అన్న ముద్ర అలాగే స్థిరపడింది. మరి అంతకుముందు పదేళ్ళు చేసిన పని? 1960లో, 18 ఏళ్ళకే, చంకన బిడ్డతో 'విల్ యూ లవ్ మీ టుమారో'కి బాణీ కట్టింది. మాటలు భర్త జెర్రీ గాఫిన్‌వి. షిరెల్స్ పాడిన ఆ పాట 1961లో మొదటి స్థానానికి చేరింది. న్యూయార్క్‌లో ఇరుకు గదుల్లో పియానో ముందు కూచుని, ఇతరుల గొంతులకి సరిపడే పాటలు తయారుచేసే ఉద్యోగం అది. ఇందులో పొంగుకురావడం ఎక్కడుంది?

అసలు విడ్డూరం 1967లో అరీతా ఫ్రాంక్లిన్ పాడిన 'నేచురల్ వుమన్'. ఆ పేరు నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ సూచించింది. మాటలు గాఫిన్ రాశాడు. అంటే ఆ 'సహజ స్త్రీ' ఇద్దరు మగవాళ్ళ ఊహ! కింగ్ చేసింది బాణీ, అంటే శిల్పం.

అయితే శిల్పం మాదే అన్నాక బాధ్యతా మాదే అనాలి. ఆ దంపతుల పిల్లల్ని చూసుకున్న నల్లజాతి అమ్మాయి ఈవా బోయ్డ్. 1962లో వాళ్ళ 'లోకోమోషన్' పాడి పేరు తెచ్చుకుంది. ప్రియుడు తనని కొడుతున్నాడని ఆమె చెప్పిన సంగతే ఆ ఏడాది క్రిస్టల్స్ పాడిన మరో పాటకి వస్తువైంది. దెబ్బని ముద్దుగా చెప్పే పాట! దానికీ బాణీ కింగ్‌దే. అందులో పాలుపంచుకున్నందుకు తర్వాత ఆమే విచారించింది. 'అనుభవం దానంతటదే పాటయింది' అని ఊరుకుంటే, ఎవరి అనుభవం, ఎవరి పేరు మీద అని అడిగే దారే మూసుకుపోతుంది.

1990లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెని గాఫిన్‌తో జంటగా, పాటల రచయితగా చేర్చుకుంది. గాయనిగా చేర్చుకోడానికి 2021 దాకా పట్టింది. వాళ్ళని తప్పుపట్టే ముందు నా సిద్ధాంత వ్యాసం తీసి చూసుకున్నాను. మగకవుల దగ్గర పదచిత్రాలు, లయ, నిర్మాణం. కవయిత్రుల దగ్గర వేదన, ఆర్ద్రత. ఒక్కరి కవిత ఎలా కట్టారో నేనూ అడగలేదు.

ఈసారి చప్పట్లు కొట్టను. లేచి నిలబడి, ఆ కవితలో ఏ పాదం ఎందుకక్కడ విరిగిందో చెప్పమని అడుగుతాను. ఆయన్నే కాదు, మనల్ని కూడా.